నిన్న దున్నిన ట్రాక్టరు నేడెందుకు కదలదు?

ఉదయగిరి కొండ కింది మెట్టపొలాల్లో ఒక మంచి వాన పడిందంటే రైతుకు నిద్రపట్టదు. పదును ఆరకముందే దుక్కి ముగించాలి. సరిగ్గా ఆ తెల్లవారుజామునే పాత ట్రాక్టరు మొండికేస్తుంది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే! “నిన్న పొద్దుగూకేదాకా బ్రహ్మాండంగా నడిచిందే!” అని రైతు తల పట్టుకుంటాడు. ఆత్మకూరు నుంచి మెకానిక్కు వచ్చేసరికి సగం పొద్దు గడిచిపోతుంది. మీరు బడిలో చదువుకున్న ఓమ్ నియమం, డైనమో పాఠం ఇలాంటప్పుడే పనికివస్తాయి.

నిన్న నడిచింది నేడు నడవకపోవటంలో వింతేమీ లేదు. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అందువల్ల ఒకసారి అంటుకున్న పాత ఇంజను ఆగకుండా నడవటానికి విద్యుత్తు అక్కరలేదు. డైనమో చచ్చిపోయినా ట్రాక్టరు రోజంతా దున్నగలదు! బ్యాటరీని నింపేవారు మాత్రం ఉండరు. ఆ సంగతి మర్నాడు స్టార్టరు తిప్పేదాకా బయటపడదు. స్టార్టరు నెమ్మదిగా తిరిగినా ప్రయోజనం లేదు. నొక్కిన గాలి వేడెక్కేలోపే ఆ వేడిని సిలిండరు గోడలు లాగేసుకుంటాయి.

మరి బ్యాటరీలో శక్తి లేదా, లేక ఉన్న శక్తి స్టార్టరుకు చేరటం లేదా? దీన్ని తేల్చటానికి హెడ్‌లైట్లు చాలు. వాటిని వెలిగించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళం తిప్పమనండి. దీపాలు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ ఉంటే, కరెంటు స్టార్టరు దాకా వెళ్ళటమే లేదన్నమాట. అప్పుడు తాళాన్నీ, సోలినాయిడ్ స్విచ్చినీ, వాటి సన్నతీగలనూ అనుమానించాలి. దీపాలు ఎర్రగా మందగిస్తే బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా స్టార్టరు బిగుసుకుపోయి ఉండాలి. దీపాలు టక్కున ఆరిపోతే తప్పు చాలావరకు బ్యాటరీ టెర్మినల్ దగ్గరే ఉంటుంది.

ఈ చివరిదాన్ని కొంచెం లెక్కగట్టి చూద్దాం. టెర్మినల్‌కు తెల్లటి, పచ్చటి పొడి పట్టి, అక్కడ 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. ఓమ్‌లో నూరో వంతు, ఎంత చిన్నదో! హెడ్‌లైటు 4 ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది 0.04 వోల్టు. దీపానికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. స్టార్టరు 300 ఆంపియర్లు లాగిందంటే మాత్రం 3 వోల్టులు ఆ పొడిలోనే పోతాయి. పైగా 300 × 3 = 900 వాట్ల వేడి! ఇంట్లో కాయిలు పొయ్యి పుట్టించేంత వేడి అది. అందుకే అనుభవం ఉన్న మెకానిక్కు స్టార్టరు తిప్పి వదిలాక అతుకులను వేలితో తాకి చూస్తాడు. వేడెక్కిన అతుకే దొంగ. ట్రాక్టరు ఒంటికి బిగించిన ఎర్తు తీగను చాలామంది మరచిపోతారు. బురద, రంగు, తుప్పు అక్కడే పేరుకుంటాయి. కరెంటు వెళ్ళటమే కాదు, తిరిగి రావాలి కదా!

టెర్మినళ్ళు విప్పేటప్పుడు ముందు ఎర్తు తీగనే తీయాలి. అప్పుడు స్పానరు పొరపాటున ట్రాక్టరు ఒంటికి తగిలినా షార్టు కాదు. బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. ఇంకొక మాట. కొందరు నేలమీద నిలబడి స్టార్టరు బోల్టుల మధ్య స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి ఇంజను అంటిస్తారు. ఇది నేర్పరితనం కాదు, ప్రాణాలతో చెలగాటం. గేరులో ఉంటే ట్రాక్టరు ముందుకు దూకుతుంది, పెద్ద చక్రం ముందు నిలబడిన మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

బ్యాటరీ సంగతి హైడ్రోమీటరు చెబుతుంది. పూర్తిగా నిండిన ఘటంలో ఆమ్లం విశిష్ట గురుత్వం సుమారు 1.28. అది 1.15కు తగ్గితే ఘటం దాదాపు ఖాళీ. ఆరు ఘటాల్లో ఒక్కటే బాగా తక్కువ చూపితే ఆ ఘటం చెడినట్లే. ఎండాకాలంలో పని లేక ట్రాక్టరు నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఆ వేడికి బ్యాటరీలో నీరు ఇగిరిపోతుంది, ఛార్జి తనంతట తానే తగ్గిపోతుంది, పలకలమీద లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి.

బ్యాటరీ బాగున్నా రోజూ దిగిపోతుంటే డైనమోను చూడాలి. ఇంటర్నేషనల్ బి-275 వంటి పాత ట్రాక్టర్లకు ఆల్టర్నేటరు కాక డైనమో ఉండేది. మొదట బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి, ఇంజను ఆపి సుమా! అది వదులుగా ఉంటే మిగతా పరీక్షలన్నీ దండగ.

డైనమోలో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఇనుప ధ్రువాల్లో మిగిలి ఉన్న కాస్త అవశేష అయస్కాంతత్వమే మొదట చిన్న వోల్టేజిని పుట్టిస్తుంది. ఆ వోల్టేజి ఫీల్డు చుట్లలో కరెంటు నడిపి అయస్కాంతాన్ని బలపరుస్తుంది, బలపడిన అయస్కాంతం వోల్టేజిని ఇంకా పెంచుతుంది. 1866లో వెర్నర్ సీమెన్స్ ఈ సూత్రంతోనే డైనమో నిర్మించాడు. మెకానిక్కు డైనమో మీది రెండు తీగలనూ విప్పి, ఆ ‘డి’, ‘ఎఫ్’ టెర్మినళ్ళను కలిపి, వాటికీ ఎర్తుకూ మధ్య వోల్టుమీటరు పెట్టి, ఇంజను వేగాన్ని మెల్లగా పెంచుతాడు. ముల్లు చకచకా ఎగబాకితే డైనమో మంచిదే, లోపం రెగ్యులేటరులోనో తీగల్లోనో ఉంది. ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డు చుట్లు తెగి ఉండవచ్చు. ఆ ఒక్క వోల్టు అవశేష అయస్కాంతత్వం చలవే! నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచరును అనుమానించాలి. ముల్లు అసలు కదలకపోతే, బ్రష్షులు అరిగాయేమో చూడాలి.

చాలాకాలం నిలిచి ఉన్న డైనమోలో ఆ కొద్ది అయస్కాంతత్వం కూడా పోవచ్చు. ‘ఎఫ్’ తీగ విప్పి, బ్యాటరీలో ఎర్తు కాని ధ్రువం నుంచి తెచ్చిన తీగను ఆ టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకిస్తే అది మళ్ళీ వస్తుంది. ఆల్టర్నేటరుకు మాత్రం ఈ పని చేయకూడదు, దాని డయోడ్లు కాలిపోతాయి.

ఇంజను అందుకున్నాక ఎర్రదీపాన్ని గమనించండి. దాని ఒక కొస బ్యాటరీకి, రెండోది డైనమోకు కలిసి ఉంటుంది. డైనమో వోల్టేజి పెరిగి రెండు కొసలూ సమానమైనప్పుడు దీపంలో కరెంటు నడవదు, అది ఆరిపోతుంది. అప్పుడే కట్-అవుట్ అనే చిన్న స్విచ్చి మూసుకుని డైనమోను బ్యాటరీకి కలుపుతుంది. ఇంజను ఆపగానే అది తెరుచుకోవాలి. తెరుచుకోకుండా అంటుకుపోయిందనుకోండి, రాత్రంతా కరెంటు ఏ వైపు ప్రవహిస్తుంది? డైనమో అప్పుడు ఏ యంత్రంగా మారటానికి ప్రయత్నిస్తుంది? బెల్టు ఉన్నందువల్ల అది తిరగలేకపోతే ఏమవుతుంది? బొమ్మ గీసి, జవాబు మీరే కనుక్కోండి.