కంటి చదువుకు రాసిచ్చిన మాన్యం



మన డెల్టాలో వరి నూర్పిళ్ళు మొదలైతే కంటి దెబ్బలూ మొదలవుతాయి. ఊక గానీ, వరి ఆకు అంచు గానీ తగిలి, నల్లగుడ్డు పైనుండే అద్దంలాంటి పొర గీసుకుపోతుంది. దాన్ని కార్నియా అంటారు. ఆ గీతలో బూజు క్రిములు చేరితే పుండవుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. అదే మనం చెప్పుకునే కంట్లో పువ్వు.

ఒక పెద్దాయన దెబ్బ తగిలిన తొమ్మిదో రోజున మా దగ్గరకు వచ్చారు. ముందు ఆకు పసరు పోశారు, తర్వాత డాక్టరుకు చూపించకుండానే స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నారు. ఎరుపు తగ్గింది, లోపల పుండు పెరిగింది. మొదటి రోజే వచ్చి ఉంటే చూపు దక్కేదేమో.

పువ్వు పడిన కంటికి దారి లేదా? ఉంది. 1905 డిసెంబరు 7న ఎడ్వర్డ్ జిర్మ్ అనే సర్జన్, సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి కార్నియా మార్చి చూపు తెప్పించారు. అది ఇప్పటి చెక్ దేశంలో జరిగింది.

ఇలాంటి విద్య ఒక్కరితో ఆగిపోకూడదు. అందుకే పెద్ద వైద్య సంస్థల్లో ఆచార్య పీఠాలు నెలకొల్పుతారు. సత్రానికి మాన్యం రాసినట్టే, అసలు సొమ్ము కదపకుండా దాని మీద వచ్చే రాబడితో బోధన, పరిశోధన సాగిస్తారు. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కార్నియా విభాగానికి కెనడా కంటి సర్జన్ పాల్ డుబోర్డ్ పేరిట ఇలాంటి పీఠం ఉంది. ఆ సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మన కృష్ణా జిల్లావారే. విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా 2011లో ఆ సంస్థ ఆసుపత్రి వచ్చింది.

గుర్తుంచుకోండి:

1. నూర్పిడి పనిలో కళ్ళద్దాలు పెట్టుకోండి.
2. కంట్లో ఏదైనా పడితే నలపకండి, శుభ్రమైన నీటితో కడగండి.
3. సున్నం పడితే వెంటనే ధారగా అరగంట కడిగి, ఆసుపత్రికి తీసుకురండి.
4. పసరు, చనుబాలు, ఆముదం పోయకండి. సొంతంగా చుక్కల మందు కొనకండి.
5. నొప్పి, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం ఉంటే అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

చివరిగా ఒక మాట. డబ్బుతో పీఠం పెట్టవచ్చు, కార్నియాను మాత్రం దానంగానే పొందాలి. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే 6 గంటలలోపు నేత్రనిధికి కబురు పెట్టండి. అంతవరకు కనురెప్పలు మూసి, పైన తడి దూది ఉంచి, ఫ్యాను ఆపండి. శుక్లం ఆపరేషను అయినవారూ, కళ్ళజోడు వాడినవారూ ఇవ్వవచ్చు. ఈ సంగతి ఇంటివారితో ఇవాళే మాట్లాడుకోండి. ఆ ఘడియలో ఎవరికీ గుర్తుకు రాదు.