సుగ్గికి పోతున్నావా చెల్లీ? మాత్రలు మూటలో పెట్టుకో!

ఆదోని, ఎమ్మిగనూరు అక్కచెల్లెళ్లూ, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకి, కట్టడం పనులకు బెంగళూరుకి సుగ్గి పోయే రోజులొస్తే ఇంట్లో ఎంత హడావుడో మీకు చెప్పాలా? బియ్యం, గిన్నెలు, చాపలు, పిల్లల గుడ్డలు అన్నీ మూటకెక్కుతాయి. టీబీ మాత్రల పొట్లం మాత్రం గూట్లోనే ఉండిపోతుంది. ఈసారి ముచ్చట దాని మీదే.

"దగ్గు పోయింది, ఆకలవుతాంది, ఇంక మాత్రలెందుకక్కా?" అంటారు. మామూలు టీబీకి కోర్సు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. కొన్ని వారాలకే ఒళ్లు తేలికపడుతుంది గానీ పురుగు పూర్తిగా చావదు. పత్తి చేలో మందు అరకొరగా కొడితే ఏమవుతుందో మీకు తెలుసు. మెత్తటి పురుగు చస్తుంది, మొండిది మిగిలి సంతానం పెంచుతుంది. ఊపిరితిత్తుల్లోనూ అంతే. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు ఒక్కటే ఇచ్చి చూసినప్పుడే డాక్టర్లకు ఈ సంగతి తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు మందులన్నీ కలిపి ఇస్తారు. అన్నట్టు, ఈ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తమేమోనని భయపడి మాత్రలు ఆపొద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మందులకు లొంగని టీబీ వచ్చిందంటే ఆ మనిషి మాత్రలు ఎగ్గొట్టిందనే అనుకోవద్దు. అలాంటి టీబీ ఉన్న రోగి దగ్గితే గాలిలోంచి నేరుగా మొండి క్రిమే అంటుకోవచ్చు. ఒక్క మాత్రా మింగి ఎరగని కోడలికీ రావచ్చు. ఆమెను ఆడిపోసుకోవడం అన్యాయం.

మరి మొండిదో కాదో తేలేదెట్లా? గళ్ల పరీక్షతోనే. పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలినుంచి దగ్గి డబ్బాలో ఉమ్మాలి. ఉత్త ఎంగిలి పనికిరాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిమి ఉందో లేదో తెలుస్తుంది గానీ, అది ఏ మందుకు లొంగదో తెలియదు. ఆ పని సీబీనాట్, ట్రూనాట్ మిషన్లు చేస్తాయి. క్రిమి జన్యువులో మార్పును పట్టి, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో సుమారు 2 గంటల్లో చెబుతాయి. ట్రూనాట్ మన దేశంలో, గోవాలో తయారైందే. మామూలుగా వాడే సీబీనాట్ ఇంకో టీబీ మందు ఐసోనియాజిడ్ సంగతి చెప్పదు. దానికి లైన్ ప్రోబ్ పరీక్ష కావాలి. పాత పద్ధతిలో క్రిమిని పెంచి చూడాలంటే వారాలు పడుతుంది. కాబట్టి "మందు మొదలుపెట్టేముందు నా గళ్ల మిషన్‌లో చూశారా సార్?" అని నోరు తెరిచి అడగండి. మొహమాటపడొద్దు.

మొండిదని తేలినా ధైర్యం వదలొద్దు. ఒకప్పుడు సూదులతో కలిపి రెండేళ్ల దాకా సాగిన చికిత్స ఇది. 2024లో మన కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ మాత్రల కోర్సు 6 నెలలే. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది కాదు. ఎవరికి తగునో డాక్టరే చూస్తారు.

సుగ్గికి పోయేముందు ఆశా అక్కకో, ఆసుపత్రిలోనో ఒక్క మాట చెప్పండి. టీబీ రోగులకు సర్కారు ఇచ్చే మీ నిక్షయ్ నంబరు రాసి పెట్టుకోండి. దాని మీద ఏ ఊరి సర్కారు ఆసుపత్రిలోనైనా మందులు ఉచితంగా కొనసాగించుకోవచ్చు. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. సందేహముంటే 1800-11-6666కి ఫోన్ చేయండి, కాల్ ఉచితం. ఇంట్లో ఎవరికైనా 2 వారాలు దాటి దగ్గుంటే సుగ్గి మూట కట్టకముందే గళ్ల పరీక్ష చేయించండమ్మా.