మోడల్‌ను మన ఊళ్లో నిలబెట్టేవాళ్లు కావాలి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు దారిలో ఇదే వరసలో వచ్చే స్టేషన్లు. చదువు పూర్తికాగానే ఈ మూడు ఊళ్ల పిల్లల్లో చాలామంది ఎక్కేది ఆ రైలే. ఇంటర్వ్యూలో చెప్పేదీ ఇంచుమించు ఒకటే: ఏఐ ప్రాజెక్టు చేశాం, అక్యురసీ 98 శాతం వచ్చింది. అప్పుడు అవతలివాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. ట్రైనింగ్‌లో ఎప్పుడూ చూడని రకం ఫొటో ఇస్తే మీ మోడల్ ఏం చేస్తుంది? చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. కాలేజీల్లో మోడల్ తయారుచేయడం నేర్పుతున్నారు గానీ, దాన్ని నిలబెట్టడం నేర్పేవాళ్లు తక్కువ. అందుకే ఆ పని తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది.

ఇలాంటి మోడల్‌లో ఉండే న్యూరల్ నెట్‌వర్క్‌కు తెలిసిందల్లా దానికి చూపించిన ఉదాహరణలే. పగటి ఫొటోలే చూపించి ఉంటే రాత్రి ఫొటో దానికి అయోమయం. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం పాండా ఫొటోలో కంటికి ఆనని చిన్న మార్పు చేస్తే, నెట్‌వర్క్ దాన్ని 99.3 శాతం నమ్మకంతో గిబ్బన్ అనే వానరమని చెప్పింది. తప్పు చెప్పడం ఒక ఎత్తు, అంత ధీమాగా చెప్పడం ఇంకో ఎత్తు. ఆస్పత్రిలోనో రోడ్డు మీదో ఆ ధీమా ప్రాణం తీస్తుంది. వానకీ దుమ్ముకీ మసకకీ తడబడకుండా తట్టుకోవడాన్ని రోబస్ట్‌నెస్ అంటారు. కొత్త చోటుకు కొద్దిపాటి డేటాతోనే సర్దుకోవడాన్ని అడాప్టేషన్ అంటారు. ఈ రెండూ ఇప్పుడు విడిగా చదువుకోదగ్గ విద్యలు.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. డ్రైవర్ లేని కార్ల పరిశోధనలో 2016 నుంచి ప్రపంచమంతా వాడుతున్న డేటాసెట్ సిటీస్కేప్స్. జర్మనీలోనూ దాని చుట్టుపక్కలా 50 నగరాల వీధులు, పగటి వెలుతురు, మంచి వాతావరణం, తీర్చిదిద్దిన లేన్లు. అందులో ఆటోకు లేబుల్ లేదు, ఆవుకూ లేదు. తారు ఆగిన చోట మొదలయ్యే మట్టి అంచు మీద కూడా బండ్లు నడుస్తాయన్న సంగతి దానికి తెలియదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సి.వి. జవహర్, గిరీశ్ వర్మ తదితరులు ఇంటెల్‌తో కలిసి ఈ లోటు మీద పనిచేశారు. కారు ముందు కెమెరా బిగించి హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల్లో తీసిన దృశ్యాల నుంచి సుమారు 10,000 ఫొటోలు ఏరి, పిక్సెల్ పిక్సెల్‌కూ గుర్తు పెట్టించారు. మొత్తం 34 రకాల లేబుళ్లు. వాటిలో ఆటోరిక్షా ఉంది, జంతువు ఉంది, రోడ్డు కాకపోయినా బండి పోగలిగే జాగా కూడా ఉంది. ఇదే ఇండియా డ్రైవింగ్ డేటాసెట్. సిటీస్కేప్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పద్ధతులు ఇక్కడికొచ్చేసరికి బాగా వెనకబడ్డాయి. 2024లో ఇదే వరసలో వాన, పొగమంచు, మంచు, తక్కువ వెలుతురులో తీసిన 5,000 దృశ్యాల ఫొటోలు వచ్చాయి. దాంతోపాటు ప్రమాదానికి దారితీసే పొరపాటుకు ఎక్కువ మార్కులు కోసే కొత్త కొలత కూడా పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కొలతే. చెట్టును స్తంభం అనుకోవడమూ, మనిషిని రోడ్డు అనుకోవడమూ ఒకే తప్పు ఎలా అవుతాయి?

ఇప్పుడు ధర్మవరం పట్టుచీరను తీసుకోండి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర కదిలినప్పుడల్లా ఛాయ మారుతుంది. దాన్ని ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, వాకిట్లో ఎండలో ఒకసారి, మడత మీద ఒకసారి ఫొటో తీస్తే మూడు వేర్వేరు చీరల్లా వస్తాయి. జరీ అంచు మీద వెలుతురు పడితే ఫొటోలో తెల్లటి చార కనిపిస్తుంది. నేతలో లోపాలు పట్టమని నేర్పిన మోడల్ దాన్ని పోగు తెగిన గుర్తు అనుకోవచ్చు. అది వెలుతురో లోపమో మగ్గం పక్కన పెరిగిన అమ్మాయి చూడగానే చెప్పేస్తుంది. ఆఫీసులో కూర్చుని డేటా మాత్రమే చూసే ఇంజినీరు చెప్పలేడు. హిందూపురం పట్టుగూళ్ల సంగతీ అంతే. తెల్లని బైవోల్టిన్ గూళ్లతోనే నేర్పిన మోడల్, పసుపు ఛాయ ఉన్న సంకరజాతి గూడును చూసి మచ్చపడిందని పక్కన పడేయొచ్చు. మీకు ఇంట్లో అబ్బిన ఈ తెలివి ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు. రెజ్యూమెలో దీన్ని దాచుకోకండి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటు 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, అప్పటి సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. కార్ల పరిశ్రమలో రంగునూ వెల్డింగునూ కెమెరాతో తనిఖీ చేయడం ప్రపంచమంతటా మామూలైంది. అక్కడి చిక్కు వేరు. కొత్త రంగు నేర్పితే నెట్‌వర్క్ పాత రంగును మరిచిపోగలదు. ఈ మతిమరుపును మెక్‌క్లాస్కీ, కోహెన్ 1989లోనే గుర్తించారు. పాత పనికి అవసరమైన వెయిట్లను (నెట్‌వర్క్ లోపలి సంఖ్యలను) ఎక్కువగా కదలనీయకుండా కొత్తది నేర్పే పద్ధతిని డీప్‌మైండ్ 2017లో చూపింది. డిప్లొమా, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఇక్కడ సీఎస్‌ఈ వాళ్లకు తీసిపోరు. లెన్సు, లైటింగ్, సెన్సరు తెలిసినవాడు కోడ్ కూడా నేర్చుకుంటే మెషిన్ విజన్ ఇంజినీరుగా స్థిరపడతాడు. లైటును సరైన కోణంలో పెడితే సగం తప్పులు పుట్టకముందే ఆగిపోతాయి.

ఏం చదవాలి? ముందు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఇంటర్ ఎంపీసీలో మార్కుల కోసం చదివిన మాట్రిక్సులను ఈసారి అర్థం కోసం మళ్లీ చదవండి. తర్వాత పైథాన్, పైటార్చ్. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు మితేశ్ ఖప్రా డీప్ లెర్నింగ్ పాఠాలు ఉచితం. ఇంట్లో గ్రాఫిక్ కార్డు లేదని ఆగక్కర్లేదు, గూగుల్ కోల్యాబ్‌తో మొదలుపెట్టొచ్చు. ఐఐటీ హైదరాబాద్ 2019 నుంచి ఏఐలో బీటెక్ నడుపుతోంది. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి ప్రత్యేక పేపరుంది. జేఈఈ రాయనివాళ్లకు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ ఒక దారి. డబ్బు కట్టించుకుని నూరు శాతం ప్లేస్‌మెంట్ అనే ప్రకటనలను నమ్మొద్దు. డేటాకు లేబుళ్లు పెట్టే అనోటేషన్ ఉద్యోగం దొరికితే తప్పేం లేదు, డేటా ఎక్కడ చెడిపోతుందో అక్కడే కనిపిస్తుంది. అయితే అక్కడే ఉండిపోకుండా, దొరికిన లోపాలను లెక్కగట్టి పైవాళ్లకు చూపిస్తూ టెస్టింగ్ వైపు జరగాలి.

ప్రాజెక్టు విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. అందరూ చేసే కుక్కా పిల్లీ ప్రాజెక్టు వద్దు. మీ ఊరి వస్తువు ఒకటి ఎంచుకుని ఉదయం, మధ్యాహ్నం, ట్యూబ్‌లైట్ వెలుతురులో విడివిడిగా ఫొటోలు తీయండి. ఉదయం ఫొటోలతో నేర్పి, మిగతావాటితో పరీక్షించండి. అక్యురసీ పడిపోతుంది. ఎంత పడింది, ఎక్కడ పడిందన్నదే మీ ప్రాజెక్టు. డాన్ హెండ్రిక్స్, థామస్ డీటెరిక్ 2019లో ఫొటోలను మసక, నాయిస్, పొగమంచు లాంటి 15 రకాలుగా, ఒక్కోదాన్ని 5 స్థాయిల్లో చెడగొట్టి నెట్‌వర్క్‌లను పరీక్షించే పద్ధతి పెట్టారు. మీ ఫొటోల మీదా అదే చేయండి. తర్వాత డేటా ఆగ్మెంటేషన్, డ్రాపౌట్, ఫైన్ ట్యూనింగ్ ఒక్కొక్కటిగా వాడి ఏది ఎంత నిలబెట్టిందో పట్టిక రాయండి. పనిచేయనిదాన్ని కూడా రాయండి, ఇంటర్వ్యూలో నమ్మకం కలిగించేది అదే.

మగ్గాల దగ్గరికో గూళ్ల మార్కెట్టుకో వెళ్లేటప్పుడు అక్కడివాళ్ల అనుమతి అడిగి ఫొటోలు తీయండి. కొత్త డిజైన్ల చీరల ఫొటోలను వాళ్లు వద్దంటే నెట్‌లో పెట్టకండి. మిగతా డేటాను, ఎక్కడ ఏ వెలుతురులో తీశారో రాసి, గిట్‌హబ్‌లో ఉంచండి. వచ్చే సెమిస్టరు దాకా ఆగకుండా ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.