ఫైళ్లను చెరిపే ప్రోగ్రామ్‌ను ఎక్కడ పరీక్షించాలి?



సీబీఎస్‌ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ ఒక ముఖ్యమైన పాఠం. పైథాన్‌లో టెక్స్ట్, బైనరీ, సీఎస్‌వీ ఫైళ్లను తెరవడం, చదవడం, రాయడం పిల్లలు ఇందులో నేర్చుకుంటారు. చాలామంది ఇంటి కంప్యూటర్‌లోనే ప్రాక్టీస్ చేస్తారు. కుటుంబ ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీ ఆఫీసు ఫైళ్లు కూడా అందులోనే ఉండవచ్చు. అందుకే ఈ నెల ఈ అంశాన్ని ఎంచుకున్నాం.

ముందుగా రెండు సంగతులు. పైథాన్‌లో ఒక ఫైలును ‘డబ్ల్యూ’ మోడ్‌లో తెరిస్తే, కొత్తగా ఒక్క అక్షరం రాయకముందే అందులోని పాత సమాచారమంతా పోతుంది. ‘రిమూవ్’ ఆదేశంతో తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు.

అనుభవం ఉన్నవారికీ ఈ ప్రమాదం తప్పలేదు. వాల్వ్ కంపెనీకి చెందిన ‘స్టీమ్’ గేమ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ వెర్షన్‌లో 2015 జనవరిలో ఒక లోపం బయటపడింది. ఆదేశంలో ఫోల్డర్ పేరు రావాల్సిన చోట ఖాళీ మిగిలింది. దాంతో ‘ఈ ఫోల్డర్‌లోనివి తొలగించు’ అన్నది ‘కంప్యూటర్‌లోనివన్నీ తొలగించు’ అన్నట్లుగా మారింది. స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చుకున్న ఒక వినియోగదారుడి సొంత ఫైళ్లన్నీ పోయాయి. బ్యాకప్ కోసం తగిలించిన బయటి డ్రైవ్‌లోనివీ మిగలలేదు.

నకిలీ ఫైల్ సిస్టమ్ అంటే?

పిల్లలు అక్షరాలను ముందు పలక మీద దిద్ది, తర్వాత పుస్తకంలో రాస్తారు. ప్రోగ్రామ్‌కు అలాంటి పలక నకిలీ ఫైల్ సిస్టమ్. ఇందులోని ఫోల్డర్లు, ఫైళ్లు డిస్క్ మీద ఉండవు, కంప్యూటర్ మెమరీలో మాత్రమే ఉంటాయి. ప్రోగ్రామ్ ఎప్పటిలాగే ఫైలు తెరుస్తుంది, రాస్తుంది, చెరుపుతుంది. అసలు డిస్క్‌ను మాత్రం తాకదు. పరీక్ష ముగియగానే అవన్నీ మాయమవుతాయి.

పైథాన్‌కు ‘పైఫేక్‌ఎఫ్‌ఎస్’ అనే ఉచిత లైబ్రరీ ఉంది. గూగుల్‌లో 2006లో వాడుకలోకి వచ్చి, 2011లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. దీన్ని వాడటానికి విద్యార్థి సాధారణంగా తన ప్రోగ్రామ్‌ను మార్చనక్కర్లేదు, పరీక్షను విడిగా రాస్తే చాలు.

ఒక ఉదాహరణ

2025కు ముందున్న మార్కుల ఫైళ్లను తొలగించే ప్రోగ్రామ్‌ను మీ అమ్మాయి రాసిందనుకుందాం. పరీక్ష ఇలా సాగుతుంది.

1. నకిలీ ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్లు పెట్టాలి: మార్కులు 2023, మార్కులు 2024, మార్కులు 2025, ఫీజు రసీదులు 2023.

2. ప్రోగ్రామ్‌ను నడపాలి.

3. 2023, 2024 మార్కుల ఫైళ్లు పోయాయా అని చూడాలి.

4. మార్కులు 2025, ఫీజు రసీదులు 2023 అలాగే ఉన్నాయా అని చూడాలి.

చాలామంది మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారు. పోవాల్సినవి పోయాయి కదా అని సంతృప్తి పడతారు. అసలు పరీక్ష నాలుగో మెట్టు. ఫైలు పేరులో 2023 ఉందో లేదో మాత్రమే చూసే ప్రోగ్రామ్ ఫీజు రసీదులనూ చెరిపేస్తుంది. ఆ లోపం ఇక్కడే దొరుకుతుంది, నష్టం మాత్రం ఏమీ ఉండదు.

తర్వాత ఇబ్బందికర పరిస్థితులు కల్పించాలి. ఫోల్డర్ పేరు ఖాళీగా ఇస్తే? ఆ ఫోల్డరే లేకపోతే? రాస్తుండగా డిస్క్ నిండిపోతే? నిజమైన డిస్క్‌ను నింపి చూడటం కష్టం. నకిలీ డిస్క్‌కైతే చాలా చిన్న పరిమాణం ఇచ్చి వెంటనే చూడవచ్చు.

దీని పరిమితులు

నకిలీ ఎప్పటికీ నకిలీయే. ప్రోగ్రామ్ మధ్యలో మరో ప్రోగ్రామ్‌ను నడిపితే, ఆ రెండోది నకిలీ ఫైళ్లను చూడలేదు, అసలు డిస్క్ మీదే పనిచేస్తుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లాగా సీ భాషలో రాసిన భాగాల ద్వారా ఫైళ్లను తాకేవాటికీ ఈ రక్షణ ఉండదు. అలాంటి ప్రాజెక్టులకు తాత్కాలిక ఫోల్డర్‌లో కాపీలు పెట్టి, వాటి మీద పరీక్షించాలి. మిగతా ప్రోగ్రామ్‌లకు కూడా చివరిసారి ఇలా కాపీల మీద చూసుకోవడం మంచిది.

ఇంట్లో మీరు అడగదగిన ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడగడానికి మీకు కోడింగ్ రావాల్సిన అవసరం లేదు.

• ఈ ప్రోగ్రామ్ ఏయే ఫైళ్లను మార్చగలదు?

• ఏ ఫైళ్లను అస్సలు ముట్టకూడదు? అవి మిగిలాయని ఎలా చూశావు?

• ఫోల్డర్ పేరు తప్పుగా ఇస్తే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే రావచ్చు. రెండో ప్రశ్న దగ్గర మీ అబ్బాయి లేదా అమ్మాయి ఆలోచనలో పడితే కోప్పడకండి, ఆలోచించుకోనివ్వండి. జవాబు దొరికేదాకా ఆ ప్రోగ్రామ్‌ను అసలు ఫైళ్ల మీద నడపవద్దని మాత్రం చెప్పండి. ఈలోగా ముఖ్యమైన ఫోటోలు, పత్రాల కాపీని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి.