పికాసో అచ్చు చిత్రాలు

పికాసో అనగానే అభ్యర్థులకు గుర్తొచ్చేది 'గెర్నికా'. అది 1937లో వేసిన తైలవర్ణ చిత్రం. అదే ఏడాది ఆయన 'ఫ్రాంకో కల, అబద్ధం' పేరుతో రెండు రాగిరేకులపై ఎచ్చింగ్‌లు (ఆమ్లంతో రేకుపై గీతలు లోతుచేసి తీసే అచ్చులు) చేశారు. ఈ రెంటినీ కలిపి తికమకపడొద్దు.

స్పెయిన్‌లోని మాలగాలో 1881 అక్టోబర్ 25న పుట్టిన పికాసో రెండు వేలకు పైగా అచ్చు చిత్రాలు చేశారు. తొలినాళ్ల ఎచ్చింగ్‌లలో పేరొందినది 'పేదల భోజనం' (1904). కళావ్యాపారి వొలార్ కోసం 1930-37 మధ్య చేసిన నూరు చిత్రాలే 'వొలార్ సూట్'. 1935 నాటి 'మినోటారోమాకీ'ని ఆయన ఎచ్చింగ్‌లలో శిఖరమనే చెప్పాలి.

రాతి అచ్చు, అంటే లిథోగ్రాఫ్, ఇంకో అద్భుతం. పారిస్‌లోని ముర్లో అచ్చుశాలలో 1945-46లో ఒకే ఎద్దు బొమ్మను 11 దశల్లో తగ్గిస్తూ పోయి, చివరికి కొన్ని గీతలే మిగిల్చారు. అవి వరుసగా చూడాల్సినవి! 1949 పారిస్ శాంతి మహాసభ పోస్టర్‌పై కనిపించిన పావురం కూడా లిథోగ్రాఫే. పరీక్షకు ఇది ముఖ్యం.

87వ ఏట అడుగుపెట్టాక, 1968 మార్చి-అక్టోబర్ మధ్య చేసినవే '347 సూట్' చిత్రాలు. పేరులోనే సంఖ్య ఉంది.