కథారూపమున తత్త్వబోధ: సోమనాథుడు చూపిన మార్గము

శివుడు అజుడు, అనాది. ఆయనకు తల్లిదండ్రులు లేరు. ఇది శాస్త్రము చెప్పు మాట. సభలో దీనిని విన్నవారు తలలూపుదురు. ఇల్లు చేరునప్పటికి మఱచిపోవుదురు. బసవపురాణమునందలి బెజ్జమహాదేవి మాత్రము ఇదే విషయమును వేఱొక విధముగా తలపోసెను. శివునకు తల్లి లేదు గనుకనే ఆయన విషము త్రాగెను, పాములను తాల్చెను, బూడిద పూసికొని వల్లకాటియందు వసించుచు బిచ్చమెత్తెను. కన్నతల్లి యున్నచో ఇవి చేయనిచ్చునా? ఇట్లు తలంచి ఆమె తానే శివునకు తల్లియయ్యెను.

అటుపిమ్మట ఆ యిల్లాలు శివుని బిడ్డగా భావించి నూనె అంటి నీళ్లు పోసెను. కన్నులకు కాటుక దిద్దెను. ఒడిలో పరుండబెట్టుకొని లాలించెను. శివుడు జబ్బుపడినట్లు నటింపగా, ఏ తల్లియైనను తల్లడిల్లునట్లే తల్లడిల్లెను. తుదకు పరమేశ్వరుడు ఆమెకు ప్రత్యక్షమయ్యెను.

ఇచట కవి చేసిన పనిని గమనింపవలెను. శివుని అజత్వమును ఆయన ఖండింపలేదు, వ్యాఖ్యానింపనులేదు. తల్లిలేని బిడ్డ దైన్యముగా దానిని మార్చి పాఠకుని యింటిలోనికి తెచ్చెను. నూనె, కాటుక, ఒడి - ఇవి తెలియని గృహము లేదు. ఎఱుగని తత్త్వము ఎఱిగిన బాంధవ్యముగా కనబడిన చోటనే రచనకును పాఠకునకును నడుమ బంధము కలుగును.

ఈ కథను తెలుగువారి కందించిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దివాడని పలువురు పండితుల మతము. జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన స్థలముగా ప్రసిద్ధికెక్కినది. గద్యపద్యముల ప్రౌఢరచనలు గౌరవము పొందుచున్న దినములలో ఆయన బసవేశ్వరుని చరిత్రమునకు ద్విపదను, అందఱకు తెలియు జానుతెనుగును ఎన్నుకొనెను. చదువరాని భక్తుడును పాడుకొనగల ఛందమది. అందు బసవని చరిత్రముతోపాటు చాకలి, వేటగాడు, బాలిక, వృద్ధురాలు మున్నగు భక్తుల కథలు కూర్పబడినవి. 1369లో భీమకవి ఆ పురాణమును కన్నడమున రచించెను. బసవేశ్వరుని కన్నడదేశమే ఆయన కథను తెలుగునుండి మరల గ్రహించినదన్నమాట.

గొడగూచి కథయందు మఱియొక మెలకువ కలదు. తండ్రి ఊరికి పోవుచు, దినదినము శివునకు పాలు సమర్పింపుమని కూతునకు చెప్పెను. శివుడు నిజముగా త్రాగునని ఆ బాలిక నమ్మెను. పాలు తఱుగకుండుట చూచి బతిమాలెను, ఏడ్చెను, ప్రాణము విడువ సిద్ధపడెను. శివుడు పాలు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ఆ మాట నమ్మక, పాలను నీవే త్రాగితివని కోపించి ఆమెను తఱిమెను. బిడ్డ పరుగెత్తి లింగములో ఐక్యమయ్యెను. పెద్దల పూజ అలవాటుగా మాఱినదని కవి యెచ్చటను ఉపన్యసింపలేదు. నిత్యము పాలు పోయు తండ్రియే, దేవుడు వానిని త్రాగెనని విని కోపించుట చాలును. నీతి పాఠకుని మనస్సులోనే పుట్టినది. కావున అది అతనిదయ్యెను.

నేటి రచయితలు పెక్కుచోట్ల దీనికి విరుద్ధముగా నడతురు. మొదటి వాక్యముననే నీతిని ప్రకటింతురు, విశేషణములను పేర్చుదురు, భక్తుని దుఃఖమును విడిచి మహిమను మాత్రము చెప్పుదురు. ఏడ్పు లేని మహిమ గారడివలె తోచును. గొడగూచి కన్నీటిని చూడని పాఠకునకు శివుడు పాలు త్రాగుట ఒక వింత మాత్రమే.

కథ చెప్పువానికి నియమమును కలదు. పురాణకథను తనకు తోచినట్లు మార్చరాదు. తాను కల్పించిన కథయైనచో కల్పితమనియే చెప్పవలెను. పాఠకుని విశ్వాసము ఒకసారి తొలగినచో ఎంత మంచి కథయు దానిని మరల తేజాలదు.

మన యిండ్లలో బిడ్డలకు చిన్ననాటనే లింగధారణము జరుగుచున్నది; నొసట విభూతి దిద్దబడుచున్నది. ఇది యెందులకని బిడ్డ అడిగిననాడు అష్టావరణముల పేర్లు అప్పగించి ఊరకుండినచో ఆ ప్రశ్న అంతటితో అణగిపోవును. ఆచారము మిగిలి అర్థము జాఱిపోవును. మఠమున ప్రవచనము చేయువారును, పత్రికకు వ్యాసము వ్రాయువారును ముందుగా ఒక భక్తుని కథను ఇంటిలోని బాలునకు చెప్పి చూడవలెను. "తరువాత ఏమైనది?" అని అతడు ఎచ్చట అడుగునో అచ్చట కథ ప్రాణముతో నున్నది. అతని చూపు వాకిలివైపు మఱలినచోట వ్రాతను దిద్దుకొనవలెను.