పగిలిన తెర వెనుక

సెల్‌ఫోను తెర పగిలినంతనే అందులోని సమస్తమును నశించినదని తలపోయుట మన విద్యార్థులలో సర్వసాధారణము. హాల్ టికెట్టు, ఉపకారవేతనపు దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రపు నకలు, ఊరినుండి తల్లి పంపిన వాయిస్ మెసేజులు - ఇవన్నియు ఆ గాజుపలకతో పాటు ముక్కలైనవని భావించి ఫోనును పాత సామానుల వానికి ఇచ్చివేసిన వారిని నేనెరుగుదును. తెలుగు చెప్పుకొను అధ్యాపకునికి ఈ విషయముతో ఏమి పని యని మీరడుగవచ్చును. పని ఉన్నది, అదేమో మొదటనే చెప్పెదను.

క్రిందటి విద్యాసంవత్సరమున ద్వితీయ సంవత్సర విద్యార్థులకు నేనొక పని అప్పగించితిని. ఇంటిలోని పెద్దలు చెప్పు సామెతలను, పొడుపుకథలను, జోలపాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసి, పిదప వ్రాసి తెమ్మంటిని. మన ఇండ్లలో ఒకే వాక్యమున దక్కనీ ఉర్దూయు తెలుగును కలిసిపోవుట మీకు తెలియనిది కాదు. ఆ మాటతీరును కొంతయైనను భద్రపరుపవలెనని నా ఆశ. ఒక విద్యార్థిని తన దాదీ చేత రెండు గంటల సేపు మాట్లాడించి రికార్డు చేసినది. రంజాను మాసమున ఆ వృద్ధురాలు కన్నుమూసినది. ఈద్ గడచిన వారమునకు, బస్సు దిగుచుండగా ఆ బాలిక చేతిలోని ఫోను జారి సిమెంటు మెట్టుపై పడి, తెర పూర్తిగా నల్లబడినది.

"సార్, దాదీ గొంతు ఇందులోనే ఉండిపోయింది" అని ఆమె ఆ ఫోనును నా బల్లపై పెట్టిననాడు నాకు సిగ్గు కలిగినది. రికార్డు చేయుమని చెప్పితిని గాని, రెండవ నకలు తీసి వేరొకచోట ఉంచుమని నేను చెప్పియుండలేదు.

తెర యని మనము ఒకే మాటతో పిలుచునది నిజమునకు మూడు పొరలు. పైనున్నది గాజు. దాని క్రింద వ్రేలి స్పర్శను గుర్తించు పొర. ఆ క్రింద బొమ్మను చూపు పొర. మరమ్మతు చేయువారు రెండవదానిని టచ్ అనియు, మూడవదానిని డిస్‌ప్లే అనియు, మూడును కలిసిన పలకను కాంబో అనియు పిలిచెదరు. మన సమాచారము ఈ మూడింటిలో దేనియందును లేదు. అది లోపలి బోర్డుపైనున్న మెమరీ చిప్పులో ఉండును. కావున మొదట తెలిసికొనవలసినది, పోయినది ఏది యని. వేరొక ఫోను నుండి పిలిచి చూడుడు. మ్రోగినచో బోర్డు బ్రతికియున్నదన్నమాట. బొమ్మ కనబడుచు వ్రేలికి స్పందింపనిచో టచ్ పోయినది. మ్రోగుచు నల్లగా ఉన్నచో డిస్‌ప్లే పోయినది.

టచ్ మాత్రమే పోయినవారు అదృష్టవంతులు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నాటినుండి ఫోను కూడ కంప్యూటరు వలె మౌసును, కీబోర్డును స్వీకరింపగలదు. ఓటీజీ అను చిన్న అడాప్టరును ఫోను క్రింది రంధ్రమున గ్రుచ్చి, దానికి సాధారణమైన మౌసు తగిలించినచో తెరపై బాణపు గుర్తు కదలును. వ్రేలితో చేయు పనులన్నియు దానితో చేయవచ్చును. కొన్ని కంపెనీల ఫోనులలో ఓటీజీకి ప్రత్యేకమైన మీట సెట్టింగులలో ఉండును. అది ముందుగా వేసియుండనిచో మౌసు కదలదు. ఫోను బాగున్న దినముననే ఒకసారి చూచుకొనుట మేలు. మరియొక చిక్కు - ఉన్నది ఒకటే రంధ్రము. మౌసు తగిలించినంతసేపు చార్జింగు సాగదు. అందుచే చార్జింగు దారి కూడ కలిగిన హబ్బును వాడవలెను.

డిస్‌ప్లే పోయినచో కథ వేరు. ఇచట నా తొందరపాటును ఒప్పుకొనవలసియున్నది. యూఎస్‌బీ సీ నుండి హెచ్‌డీఎంఐకి మార్చు అడాప్టరు నొకదానిని వెంటనే కొని తెచ్చి, కంప్యూటరు ల్యాబు మానిటరుకు ఆ ఫోనును తగిలించితిని. ఏమియు కనబడలేదు. అడాప్టరే చెడినదేమో యని రెండవది తెచ్చితిని. అదియు అంతే. మరునాడు భౌతికశాస్త్ర విభాగమున ఉన్న మిత్రుడు నవ్వి విషయము వివరించెను. యూఎస్‌బీ సీ రంధ్రమున 24 కొనలున్నవి. బొమ్మను బయటికి పంపుటకు వానిలో వేగముగా నడచు జంటలు కావలెను. తక్కువ వెలగల ఫోనులలో పెక్కింటికి రంధ్రపు ఆకారము అదే యైనను ఆ జంటలను లోపల కలుపరు. చార్జింగునకును, మామూలు వేగపు ఫైళ్లకును చాలినన్ని తీగలే ఉండును. అడాప్టరు ఎంత మంచిదైనను లేని దారిని కల్పింపజాలదు. 2017 నాటి గెలాక్సీ ఎస్8 మొదలుకొని శాంసంగ్ ఎస్ వరుసకును, 2023 నాటి ఐఫోను 15కును ఈ దారి ఉన్నది. మీ ఫోనుకు ఉన్నదో లేదో దాని వివరములలో డిస్‌ప్లేపోర్టు అను మాటను బట్టి తెలియును. అడాప్టరు కొనుటకు ముందే ఈ మాట వెదకుడు. నావలె రెండు కొనకుడు.

ఫోనును కేబులుతో కంప్యూటరుకు తగిలించినచో చాలదా యని కొందరందురు. చాలదు. అట్లు తగిలించిన ఫోను మొదట చార్జింగు మాత్రమే తీసికొనును. ఫైల్ ట్రాన్స్‌ఫర్ అను మాటను ఫోను తెరపైననే నొక్కవలెను. నొక్కుటకు తెర కనబడవలె గదా!

అన్నిటికంటె పెద్ద అడ్డు తాళము. 2015 నాటి ఆండ్రాయిడ్ 6 నుండి చాలవరకు క్రొత్త ఫోనులలోను, 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో వెలువడిన అన్నిటిలోను లోపలి సమాచారము గుప్తలిపిలో ఉండును. పిన్ తెలియనిదే చిప్పును ఊడదీసినను చదువుటకు వీలులేదు. ఫోను ఆరి మరల వెలిగినప్పుడు వ్రేలిముద్ర కూడ పనిచేయదు. మొదటిసారి పిన్ కొట్టియే తీరవలెను. అందుచేత తెర పగిలిన ఫోనును ఆపి వెలిగించి చూచుట పొరపాటు. దానిని చార్జింగులో ఉంచి, ఆరిపోకుండ కాపాడుడు. ఒకవేళ ఆరినను, ఓటీజీ ద్వారా కీబోర్డు తగిలించి, స్పేస్ నొక్కి, పిన్ కొట్టి, ఎంటర్ నొక్కినచో చాల ఫోనులు చీకటిలోనే తెరచుకొనును. గీతలు గీయు తాళమును మాత్రము కీబోర్డుపై కొట్టలేము. తప్పు పిన్‌లు మరల మరల కొట్టినకొలది ఫోను మనలను ఎక్కువసేపు వేచియుండజేయును. కావున తోచిన అంకెలు కొట్టరాదు.

ఇక ఆ బాలిక ఫోను సంగతి. మెమరీ కార్డు ఉన్న ఫోనైనచో కార్డును తీసి వేరొకదానిలో వేసికొనవచ్చును. ఆమె ఫోనులో కార్డు లేదు. బొమ్మ బయటికి వచ్చు దారియు లేదు. మిగిలినది మరమ్మతు దుకాణము. మొదటి దుకాణపువాడు "తాళం చెప్పి ఫోను ఇక్కడ పెట్టి వెళ్లండి, సాయంత్రం రండి" అనెను. ఆ పిల్ల నా ముఖము చూచినది. అందులో ఇంటి స్త్రీల ఫోటోలున్నవి. వాడు మంచివాడే కావచ్చును, కాని తాళమును, ఫోనును రెండును పరుల చేతిలో పెట్టి వచ్చుట తగదని మేము తిరిగివచ్చితిమి. రెండవ దుకాణపు యువకుడు మా యెదుటనే పని చేయుటకు ఒప్పుకొనెను. పరీక్ష కొరకు వాడు ఉంచుకొనిన కాంబోను అతికింపకయే బోర్డుకు తగిలించెను. తెర వెలిగినది. అప్పటికి ఫోను రెండు మారులు ఆరిపోయియుండినందున వ్రేలిముద్ర చెల్లలేదు. ఆమెకు పిన్ గుర్తుండుట మా భాగ్యము. ఆమెయే దానిని కొట్టి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కి, రికార్డులను నా లాప్‌టాపులోనికి తీసికొన్నది. మొదటి ఫైలు సరిగా వచ్చినదో లేదో యని తెరచి చూడగా, దాదీ ఎవరినో చాయ్ తెమ్మని కేకవేయుట వినిపించినది. దుకాణపు యువకుడు తన పంకా ఆపెను.

ఆ రికార్డులు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నవి: ఆమె ఇంటిలో, విభాగపు పెన్‌డ్రైవులో, ఉర్దూ విభాగపు మిత్రుని కంప్యూటరులో. ఈ యేడు అదే పనిని అప్పగించితిని. రెండవ నకలు చూపనిదే మార్కులు వేయనని కూడ చెప్పితిని. కళాశాల సంఘమువారికొక విన్నపము. ఒక ఓటీజీ అడాప్టరు, ఒక మౌసు, ఒక కీబోర్డు, చార్జింగు దారిగల హబ్బు ఒకటి గ్రంథాలయమున ఉంచినచో ఖర్చు స్వల్పము. మానిటరు ల్యాబులో ఉన్నది. నేను కొనిన అడాప్టర్లు రెండును ఉచితముగా ఇచ్చెదను.